రెండు నిమిషాలాయన పోగొట్టలేని కాగితం

నీటి సరఫరా శాఖ పెద్దాఫీసులో, కింది అంతస్తు వెనక, జనరేటరు గదికీ సైకిళ్ళ షెడ్డుకూ మధ్య రికార్డు గది ఉండేది. పద్నాలుగు ఇనుప ర్యాకులు, ఒక నిచ్చెన, ఒక స్టూలు, ఒక మనిషి. ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఆఫీసరు నుంచి అటెండరు దాకా అందరికీ ఆయన రెండు నిమిషాలాయనే. ఎవరొచ్చి ఏ ఫైలు అడిగినా, అది ఏ కాలం నాటిదైనా, "రెండు నిమిషాలండీ" అనేవాడు. రెండో నిమిషం నిండేలోగా దుమ్ము దులిపి, కావలసిన పేజీ తీసి, గుర్తుకు చీటీ పెట్టి చేతికిచ్చేవాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆ గదిలోంచి ఒక్క కాగితం పోలేదు. అబద్ధమైతే చెవి కోయించుకుంటాను.

అలాగని మహా తెలివైన మనిషి అనుకునేరు. ఇంట్లో కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. ఆయన తెలివంతా ఆ గది గడప లోపలే ఉండేది.

ఇలా ఉండగా, ఖజానా అడుగంటిందనీ, ఉద్యోగులు మరీ ఎక్కువయ్యారనీ, పింఛన్లు ఇక మోయలేమనీ పైవాళ్ళకు తెలిసొచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి, అందులో అబద్ధం లేదు. రెండో అంతస్తులో టైపు విభాగమని ఒకటుంది. టైపు మిషన్లు వేలం వేసి తొమ్మిదేళ్ళయింది గానీ విభాగంలో ముగ్గురూ అలాగే ఉన్నారు. ఒకాయన పొద్దున కిటికీలు తెరుస్తాడు, ఒకాయన సాయంత్రం మూస్తాడు, మూడో ఆయన వాళ్ళిద్దరికీ సెలవులు మంజూరు చేస్తాడు. ఇలాంటి విభాగాలు వేళ్ళ మీద లెక్కపెడితే వేళ్ళు చాలవు. కొయ్యాల్సిందే, ఎవరు కాదన్నారు?

కొయ్యడానికి ఒక కమిటీ మేడం వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ఆమె వెంట ఒక ఆడిటరు, ఆయన వెంట ఆయన అనుమానం. పని చూసి కోస్తారని అనుకున్నారు అమాయకులు. పని చూసే తీరికెక్కడిది తల్లీ? కాగితాలు చూశారు. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళు పోతారు. టైపు విభాగం ముగ్గురి కాగితాలూ అద్దంలా ఉన్నాయి. ఉండవూ మరి, తొమ్మిదేళ్ళుగా వాళ్ళు చూసుకుంటున్న పని అదొక్కటే.

తేడా వచ్చింది వాల్వు వాళ్ళ దగ్గర. నూట నలభై మంది. తెల్లవారకముందే మనిషెత్తు ఇనుప కడ్డీ భుజాన వేసుకుని, వీధివీధికీ తిరిగి, రోడ్డు మధ్య మూతలెత్తి, వాల్వులు తిప్పి నీళ్ళు వదిలేవాళ్ళు. వీళ్ళు ఒక్క పూట మానేస్తే ఊరంతా మొహం కడుక్కునే దిక్కుండదు. ఇరవై ఆరేళ్ళ కిందట వీళ్ళను ఏడాదికని తీసుకున్నారు. ఏటేటా పొడిగింపు ఉత్తర్వు రావాలి. మొదటి ఏడు వచ్చింది, రెండో ఏడు వచ్చింది. మూడో ఏడు ఇంజినీరు బదిలీ అయ్యాడు, కొత్తాయన రావడానికి ఐదు నెలలు పట్టింది, ఉత్తర్వు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. జీతాల గుమాస్తా మాత్రం పాత పట్టీ చూసి కొత్త పట్టీ రాసేశాడు. ఆ తరవాత వచ్చిన గుమాస్తాలంతా అదే చేశారు. అలా ఇరవై నాలుగేళ్ళు అలవాటు మీద జీతాలు నడిచాయి.

"మూడో ఏడు నుంచి పొడిగింపు ఉత్తర్వులేవండీ?" అని మేడం రికార్డు గదికి ఫోను చేసి అడిగింది.

"రెండు నిమిషాలండీ" అన్నాడాయన. రెండు నిమిషాలు కాదు, పదకొండు రోజులు వెతికాడు. లేదని మొదటి రోజే తెలుసు. తెలిసీ వెతికాడు. ఎందుకంటే ఆ నూట నలభై మందిలో ఒకడు ఆయన బావ.

బావంటే మామూలు బావ కాదు. తల్లి పోయేనాటికి ఈయనకు తొమ్మిదేళ్ళు. అక్క ఇంటింటికీ తిరిగి బట్టలు కుట్టి బడి ఫీజు కట్టింది. పెళ్ళయి వెళుతూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుపోయింది. వీడెందుకు మనకు అని బావ ఒక్కనాడు అనలేదు, అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద వాడికే పెట్టేవాడు. వాల్వు ఉద్యోగానికి దరఖాస్తు ఫారం ఆఫీసులోంచి తెచ్చి, బావ చేత వేలిముద్ర వేయించింది ఈయనే. "సర్కారు కొలువు బావా, ముసలితనంలో చీకూ చింతా ఉండదు" అని చెప్పింది కూడా ఈ నోరే.

ఇప్పుడు ఆ ముసలితనం వచ్చి గుమ్మంలో కూర్చుంది. అక్కకు రెండేళ్ళుగా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను పెట్టించుకోవాలి. బావ ఉద్యోగి కార్డు చూపిస్తే పైసా అడగరు. బావ నెలాఖరుకు రిటైరవుతాడు. పింఛను మంజూరైతే కార్డు కొనసాగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. డబ్బు కట్టి చేయించుకుందామా అంటే, రెండిళ్ళ సంపాదనా కలిపినా నెల తిరగదు.

పన్నెండో రోజున మేడం పిలిపించింది. పక్కన ఆడిటరు ఉన్నాడు.

"దొరకలేదండీ" అన్నాడు రెండు నిమిషాలాయన. ముప్ఫై మూడేళ్ళలో ఆ మాట ఆ నోట రావడం అదే మొదలు.

"మీ గదిలో లేదంటే అసలు పుట్టలేదనేగా?" అంది మేడం. పాపం, మెచ్చుకోలుగానే అంది.

"పుట్టలేదంటే ఏమవుతుందండీ?"

"వాళ్ళు ఉద్యోగులే కారు. పింఛను లేదు, కార్డు లేదు." ఆమె ఫైలు పక్కకు జరిపింది. "ఉత్తర్వు వచ్చింది గానీ రికార్డు పోయిందని తేలితే వేరు. అది వాళ్ళ తప్పు కాదు, పింఛను ఇవ్వచ్చు. కానీ అప్పుడు మీ మీద విచారణ వేస్తారు. మీరు రిటైరైనా అది తేలేదాకా పింఛను ఆపుతారు. మీరు బతికుండగా తేలుతుందో లేదో నేను చెప్పలేను. సోమవారానికి రెండిట్లో ఏదో ఒకటి రాసివ్వండి."

"ఈయనగారి బావ కూడా ఆ లిస్టులో ఉన్నాడు మేడం" అన్నాడు ఆడిటరు. "కాస్త చూసుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్ళాడు. అక్క మంచం మీద ఉంది, సూదులు గుచ్చిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. బావ గుమ్మంలో కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు.

"నీ మొహమేంట్రా అలా ఉంది? నీ గదిలో పోవడమంటూ ఉంటుందా? దొరుకుతుందిలే, బెంగెట్టుకోకు" అన్నాడు బావ.

"ఆసుపత్రిలో నర్సులందరికీ చెప్పేశా" అంది అక్క నవ్వుతూ. "మా తమ్ముడు వెతుకుతున్నాడు, ఇంక మాకు భయం లేదని."

ఆయన టీ సగంలోనే కింద పెట్టి లేచాడు. ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ మనసులో ఎలాగుందో గానీ, గరిటె కింద పెట్టి ఒకే మాట అంది.

"పోయిందని రాసెయ్యండి."

"మన పింఛను ఆగిపోతుందే."

"ఆగితే ఆగింది. కలో గంజో తాగుదాం. మిమ్మల్ని పెంచిన మనిషిని చంపుకుని తింటే ఆ ముద్ద గొంతు దిగుతుందా?"

అదీ ఇల్లాలంటే. ఆదివారం మధ్యాహ్నం ఆయన తాళాలు పట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. కాగితం పోయిందంటే నమ్మాలిగా ఎవరైనా? చక్కగా సర్దిన గదిని చూపించి పోయిందంటే నవ్విపోతారు. గదిని పాడుచెయ్యడానికి వెళ్ళాడు.

మూడో ర్యాకు కట్టలు తీసి ఏడో ర్యాకు దగ్గర పడేశాడు. ఎర్రగుడ్డ మూటలు విప్పాడు. ఈ సంవత్సరం కాగితాలు ఆ సంవత్సరంలో కలిపాడు. గంట తరవాత వెనక్కి తిరిగి చూస్తే, పడేసినవన్నీ గోడవారగా సంవత్సరాల వరసలో ఉన్నాయి! చేతులు వాటి పాటికి అవి సర్దేశాయి. "ఛీ, ఇదేం బుద్ధి!" అని తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకుని విసిరాడు. ప్రతి ముడీ తను వేసిందే, ప్రతి చీటీ మీదా తన రాతే. ఏడ్చాడా అంటే, ఏడ్చాడు. స్టూలు మీద కూర్చుని, పక్కన ఎవరూ లేరు కాబట్టి, బావురుమని ఏడ్చాడు. చీకటిపడే వేళకు గది గాలివాన పడ్డట్టయింది.

సోమవారం పదకొండింటికి మేడం, ఆడిటరు వచ్చారు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఇదేంటండీ? ఎలుకలా? నీళ్ళు కారాయా?" అంది మేడం.

"నా నిర్లక్ష్యమండీ. ఎన్నాళ్ళ నుంచో ఇలాగే ఉంది. ఉత్తర్వులొచ్చాయి, నేను కళ్ళారా చూశాను. ఈ గుట్టలో ఎక్కడో పోయాయి. అలాగే రాసుకోండి" అన్నాడు. రాత్రంతా భార్య ముందు వల్లెవేసిన మాటలు, ఎక్కడా తడబడలేదు.

ఆడిటరు మూతి విరిచాడు. మేడం మాత్రం ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందని చెప్పను. నమ్మాలనుకుంది, అదే గొప్ప. స్టూలు లాక్కుని కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కలం తీసింది.

"సరే. రికార్డు పోయిందనే రాస్తున్నాను. నూట నలభై ఇళ్ళు." రెండు వాక్యాలు రాసింది కూడా. మూడో వాక్యం దగ్గర ఆగి, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "రికార్డు పోతే ఏ నిబంధన కింద రాయాలో పాత సర్క్యులరు ఒకటుండాలి. దాని నంబరు వెయ్యకపోతే పైనుంచి తిప్పి పంపుతారు. అదీ ఈ చెత్తలోనే పోయిందో ఏమో..."

"రెండు నిమిషాలండీ."

ఆ మాట అన్నది ఆయన కాదు, ముప్ఫై మూడేళ్ళు అన్నాయి. అనడమేమిటి, కదిలాడు కూడా. అడ్డంగా పడి ఉన్న నిచ్చెన దాటాడు, తొమ్మిదో ర్యాకు కింద గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చాడు, అట్ట ఊడిన పుస్తకం ఒకటి లాగాడు, ఉఫ్ అని దుమ్ము ఊదాడు, పేజీ తీశాడు, జేబులోంచి చీటీ తీసి గుర్తుపెట్టాడు, రెండు చేతులా మేడం ముందు పెట్టాడు. మొహం నిండా నవ్వు. ఫైలు దొరికినప్పుడల్లా వచ్చే నవ్వు.

ఆడిటరు గడియారం చూసుకున్నాడు. "నిమిషంన్నర" అన్నాడు. "ఈ గుట్టలోంచి దీన్ని నిమిషంన్నరలో తీసిన మనిషి ఇరవై నాలుగు ఉత్తర్వులు పోగొట్టాడా మేడం? నేను సాక్షి సంతకం చెయ్యను."

అప్పటికి గానీ ఆయనకు తను చేసిందేమిటో తెలియలేదు. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉండిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ పుడకలేవో అక్కకు పేర్చి వచ్చాడు ఈ మహానుభావుడు.

మేడం కలానికి మూత పెట్టింది.

"ఎందుకు తెచ్చారండీ?"

"అడిగారు కదండీ" అన్నాడు.

ఆమె రాసిన రెండు వాక్యాలూ కొట్టేసింది. అలాంటి ఉత్తర్వు ఏనాడూ వెలువడలేదని కొత్తగా రాసింది. ఆయన సంతకం చేశాడు. చెయ్యక ఏంచేస్తాడు, ఆడిటరు చూస్తుండగా? పది రోజులకు ఆయనకో ప్రశంసాపత్రం వచ్చింది. రికార్డుల నిర్వహణ ఆదర్శప్రాయమనీ, పింఛను పూర్తిగా భద్రమనీ అందులో ఉంది. దాన్ని కవర్లో పెట్టి తెచ్చిచ్చింది టైపు విభాగంలో కిటికీలు మూసే ఆయన.

నెలాఖరున బావ ఇనుప కడ్డీ అప్పగించడానికి స్టోరుకెళ్ళాడు. "ఏ ఖాతాలో రాసుకోమంటావయ్యా? నువ్వు ఉద్యోగివే కాదంటున్నారుగా" అన్నాడు స్టోరు గుమాస్తా. బావ దాన్ని గోడకు ఆనించి వచ్చేశాడు. ఇంట్లో బావమరిది ఎదురుపడితే తిట్టనైనా తిట్టలేదు.

"నువ్వు వెతికావు కదరా. లేందానికి నువ్వేం చేస్తావు" అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఆయన ప్రాణం చచ్చిపోయింది. జరిగింది చెబుదామని నోరు తెరిచి, మంచం మీద అక్కను చూసి మూసుకున్నాడు.

మూడు వారాలు రెండిళ్ళూ ఊడ్చి ఆసుపత్రిలో కట్టారు. నాలుగో వారం ఒక ఉదయం రికార్డు గదిలో ఫోను మోగింది. అప్పటికి గది మళ్ళీ ఎప్పటిలాగే ఉంది, పద్నాలుగు ర్యాకులూ వరసలో.

"తమ్ముడూ, ఆసుపత్రి నుంచిరా" అంది అక్క. ఆయాసపడుతోంది. "డబ్బయిపోయి కార్డే చూపిస్తే చెల్లదంటున్నారు. బావ ఇప్పటిదాకా ఉద్యోగేనని ఉత్తర్వు ఏదైనా చూపిస్తే ఇవాళ్టికి మిషను పెడతారట. మీ గదిలో ఏదో ఒకటి ఉండకపోదు, చూడు నాన్నా."

"దొరకదక్కా" అన్నాడు.

"వెతక్కుండానే ఎలా చెప్తావురా?" అక్క నవ్వబోయింది గానీ దగ్గొచ్చింది. "నీకెంతసేపు, రెండు నిమిషాలు. నేను ఫోను పెట్టెయ్యను, ఇక్కడే కూర్చుంటా. చూసిరా."

ఆయన ఫోను స్టూలు మీద వెల్లకిలా పెట్టాడు. నిచ్చెన తెచ్చి మొదటి ర్యాకుకు ఆనించి, ఎక్కి, మొదటి కట్ట ముడి విప్పాడు.