బర్రెతో ఫోన్లో మాట్లాడిన మా అమ్మ

మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె మాట వస్తే చుట్టాలు ఇప్పటికీ గొంతు తగ్గించి, "మహాతల్లి, ఎంత కష్టపడ్డదో" అంటారు. కష్టపడిన మాట నిజమే. కాకపోతే పడుతున్నంతసేపూ పక్కనున్నవాళ్లను తిడుతూ పడింది కాబట్టి, ఆ బరువులో సగం మేమే మోశామని నా అభిప్రాయం.

ధరూర్ వైపు పల్లెలో పుట్టి ఆత్మకూరుకు కోడలిగా వచ్చింది. ఇంటి వెనక కొట్టంలో ఆమె బర్రెలు లేని రోజు నాకు గుర్తులేదు. చివరికి ఒక్కటే మిగిలింది. మా వీధికి, బస్టాండు దగ్గరి చాయ్ హోటలుకు దాని పాలే. అమ్మ ఆ బర్రెను "తల్లీ" అని, నన్ను "దున్నపోతా" అని పిలిచేది. మా ఇంట్లో వరసలు కొంచెం కలగలిసి ఉండేవి.

ఆ బర్రె అమ్మకు తప్ప ఎవరికీ చేపేది కాదు, పొదుగులోకి పాలు దించేది కాదు. దూడను వదిలినా, నానబెట్టిన పల్లి చెక్క పెట్టినా, వేరే చెయ్యి తగిలితే చాలు, పాలు పైకి గుంజుకుని గోడవైపు చూస్తూ నిలబడేది. దాని వల్లే అమ్మ కంటి ఆపరేషను వాయిదా పడుతూ వచ్చింది. కంట్లో పొర బాగా ముదిరింది. ఎదురొచ్చే మనిషిని నడకను బట్టి పోల్చుకునే స్థితి. "ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదమ్మా" అని వనపర్తి డాక్టరు చెప్పాక, అక్క వచ్చి దాదాపు ఎత్తుకుపోయినట్టే ఆమెను బస్సెక్కించింది.

బర్రె సంగతికి మా వైపు ఒక ఉపాయం ఉంది. రోజూ పిండే మనిషి చీర కట్టుకుని పోతే ఆ వాసనకు బర్రె నమ్ముతుంది. అమ్మ తన కొట్టం చీర దండెం మీదే వదిలి వెళ్లింది. దాన్ని ఉతకొద్దని మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో ఆమె తప్ప ఇంకొకరు బట్టలుతుకుతారన్న ఆలోచన ఆమెకు ఎందుకొస్తుంది? మా నాయన పెళ్లయ్యాక ఒక్క తువ్వాలైనా ఉతికిన మనిషి కాదు. ఆ రోజు భార్య దవాఖానలో ఉందన్న బెంగకొద్దీ, కనబడిన చీరను సబ్బుపొడిలో నానబెట్టి, బండకేసి కొట్టి, ఆరేశాడు. చీర నిమ్మకాయ వాసనతో ఘుమఘుమలాడింది.

నేను అదే కట్టుకుని వెళ్లాను. పక్కింటి చిన్నమ్మ గోడ మీదుగా చూసింది.

"ఏంది రా, పెండ్లిచూపులా? కొంగు జర ముందుకు తీయ్."

"పాలకు చిన్నమ్మా."

"నిన్ను జూసి అది ఇయ్యాలనుకున్నవి గూడ ఇయ్యది."

బర్రె కొంగు వాసన చూసి, బకెట్‌ను తన్నింది. మరునాడు పొద్దున కూడా అంతే. సాయంత్రానికి పొదుగు బిగుసుకుపోయింది. తెల్లారితే ఆపరేషను.

"మీ అమ్మకు చెప్పకు రా," అన్నాడు నాయన. "చెప్తే ఆడ ఇడిసిపెట్టి వస్తది."

అప్పుడే ఫోను మోగింది. అమ్మ.

"చేపుతున్నదా రా?"

"మస్తు ఇస్తుంది."

"గట్లనా. పిండే చప్పుడు ఇనిపియ్."

నేను బకెట్ తీసుకుపోయి నల్లా కింద పెట్టి కొంచెం తిప్పాను.

"నల్లా బంద్ చెయ్ రా దున్నపోతా."

ఆ తర్వాత ఆమె అక్కతో అంటున్నది వినబడింది. "నా చెప్పులు యాడున్నయే? బస్సు టైమైంది."

"అమ్మా, పొద్దున ఆపరేషను!"

"కన్ను యాడికి పోదు. పొదుగు పోతది."

ఏం చెయ్యాలో తోచక, "ఆగమ్మా, ఫోను దానికే ఇస్త" అన్నాను. ఎగతాళికే అన్నాను. మా అమ్మకు బర్రె విషయంలో ఎగతాళి ఉండదు.

"ఇయ్యి," అంది.

స్పీకర్ పెట్టి ఫోను నాయన చేతికిచ్చాను. ఆయన మంత్రిగారి ముందు మైకు పట్టినట్టు బర్రె చెవి దగ్గర పట్టుకున్నాడు. నేను చీర సవరించుకుని కింద కూర్చున్నాను.

"ఏమైంది తల్లీ? తిన్నవా? ఆ ఇద్దరు సతాయిస్తున్నరా? మొగోళ్లు, వాళ్లకు తెల్వదు. జర ఓపిక పట్టు, నేనొస్త."

ఆ గొంతుతో అమ్మ నాతో ఎన్నడూ మాట్లాడలేదు. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా. బర్రె నెమరు ఆపింది. చెవి తిప్పింది. ఫోను వెనక ఎవరున్నారో చూసింది. నాయన కళ్లు చెమర్చాయి. సరిగ్గా ఆ ఘట్టంలోనే బర్రె పేడ వేసింది, సగం నా కొంగు మీద. నిమ్మకాయ వాసన అంతటితో సరి. మరుక్షణం చేపింది. పని చేసింది అమ్మ గొంతేనని నాయన అంటాడు, పేడేనని చిన్నమ్మ అంటుంది. ఆ వాదన మా వీధిలో ఇంకా తెగలేదు.

పాలధార బకెట్‌లో పడుతుంటే ఫోను అవతల అమ్మ ఊపిరి బిగబట్టి విన్నది.

"ఆ. ఇవి పాలు," అని, అప్పటికే వేసుకున్న చెప్పులు విప్పేసిందట.

ఆపరేషను జరిగింది. ఇంటికొచ్చేదాకా రెండు పూటలా ఫోను చేసింది. వార్డులోని ఆడవాళ్లంతా బర్రె ఏమందని అడిగేవారని అక్క చెప్పింది.

వచ్చిన రోజు నల్లద్దాలతో నేరుగా కొట్టంలోకి నడిచింది. దవాఖాన వాసనకు బర్రె బెదిరి, పాలకు కూర్చోబోతున్న నా చీర చాటుకు జరిగింది. అమ్మ ఏడుస్తుందేమోనని చిన్నమ్మ గోడ మీద సిద్ధంగా నిలబడింది.

"నన్నే తెల్వదంటవానే? మంచిదే తియ్. డాక్టరు ఎట్లాగూ వంగొద్దన్నడు," అని అమ్మ పీట లాక్కుని కూర్చుంది. సందెవేళ కదాని అద్దాలు తీసి చుట్టూ చూసింది. మూలనున్న బూజును చూసింది. చిన్నమ్మను చూసి, "నీ తల గింత ఎప్పుడు నెరిసిందే?" అంది. చిన్నమ్మ గోడ దిగింది. తర్వాత అమ్మ నాయన వైపు తిరిగింది.

"ఏమయ్యా, గింత ముసలోనివెప్పుడైనవ్?"

"శానా దినాలాయె. నువ్విప్పుడు చూస్తున్నవ్."

ఆమె ఇంకొంచెంసేపు చూసింది.

"పర్వాలేదు. బాగనే ఉన్నవ్."

నాయన అప్పటికే వేసిన మేతను మళ్లీ వేయడానికి పోయాడు. అమ్మ చూపు నా కుచ్చిళ్ల దాకా వచ్చి ఆగింది. గట్టిగా నవ్వొద్దని కూడా డాక్టరు చెప్పాడట. కడుపు పట్టుకుని, పెదాలు బిగించి, ఆ కొత్త కన్ను మూసుకుని, నేను పిండడం అయ్యేదాకా పీట మీద ఊగుతూ కూర్చుంది.