సాంబయ్య గారి ఒకటో పాఠం

కొత్తవాడ సాంబయ్య గారు దివంగతులయ్యారన్న వార్త గురువారం మధ్యాహ్నం మా బడికి చేరింది. తెచ్చినవాడు మా కంప్యూటర్ క్లబ్బు సభ్యుడు, కాంపౌండర్ యాదగిరి. సైకిల్‌ను గోడకు ఆనించి వచ్చి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. "సార్ పోయిండు టీచరమ్మా. పొద్దుగాల గుండెల నొస్తాందన్నడట. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అన్నాడు. నేను "అట్లాగా" అన్నాను. అంతలో గంట కొట్టారు. వెళ్ళి పదో తరగతికి త్రికోణమితి చెప్పాను. లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు నేనే పరాయిదానిలా అనిపిస్తుంది.

దుఃఖం అప్పుడే వచ్చి ఉంటే ఈ వ్యాసం సులభంగా సాగేది. రాలేదు. ఆ మహనీయుని గుణగణాలను ఉన్నవి ఉన్నట్టు రాయడమే ఇప్పుడు నాకు చేతనయిన పని.

సాంబయ్య గారిది జంపఖానాలు నేసే వంశం. తండ్రి మగ్గం మీద కూర్చోబెడితే, ఆయన దృష్టి మాత్రం పక్కింటి రేడియో మీద ఉండేదట. చివరకు ఇంటి ముందుగదిలో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నారు. ఉన్నత విద్య లేదు. ఇంగ్లీషు పుస్తకాన్ని వేలు పెట్టి, పదం పదం కూడబలుక్కుని చదివేవారు. అలా చదివి అర్థం చేసుకున్నదాన్ని మాత్రం మళ్ళీ మరచిపోయేవారు కాదు.

నాలుగేళ్ళ కింద మా తమ్ముడు బొంబాయి నుంచి ఒక ఇంటి కంప్యూటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీటల పలక ఒకటే వచ్చింది, తెర లేదు. దాన్ని టీవీకి తగిలించాలనీ, పాఠాలను టేప్ రికార్డర్‌లోంచి దానికి ఎక్కించాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. ఎలాగో చెప్పలేదు. సాంబయ్య గారి దుకాణానికి మోసుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు తెల్వది టీచరమ్మా. నీకూ తెల్వది. ఇద్దరం కూసుంటే జర తొందరగ తెలుస్తది" అన్నారు. మా ఆదివారం క్లబ్బుకు అదే ప్రారంభోపన్యాసం. ఆ దుకాణం మీది గదిలోనే క్రమంగా పద్నాలుగు మంది చేరాం. ఊళ్ళో ఎవరింట్లో అలాంటి పెట్టె ఉన్నా, దాన్ని చంకన పెట్టుకుని అక్కడికే వచ్చేవారు.

క్లబ్బుకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే. మీటల ముందు కూర్చున్నవాడు చదవకూడదు. పక్కన కూర్చున్నవాడు పైకి చదువుతుంటే విని కొట్టాలి. ఎంత ఆలస్యమైనా, ఒకరి మీట ఇంకొకరు నొక్కకూడదు. "మనం కొట్టి పెడితే మనకే వస్తది, వాళ్ళకు రాదు" అనేవారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే సేటు ఒకే ఒక్క కామా కోసం పావుగంట వెతుకుతుంటే, మేమంతా పళ్ళు నూరుకున్నాం. సాంబయ్య గారు మాత్రం ఆయన పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఆ సేటే ఒక దసరాకు కంప్యూటర్‌కు ఆయుధపూజ చేశాడు. త్రాసుకూ తాళాలకూ చేసినట్టే, ఒక్కొక్క మీటకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాటికి పసుపు ఎండి మీటలన్నీ బిగుసుకుపోయాయి. పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మేము నవ్వు ఆపుకోలేకపోయాం. సాంబయ్య గారు నవ్వలేదు. రెండు ఆదివారాలు కూర్చుని, మీటలు ఒక్కొక్కటే ఊడదీసి, చిన్న కుంచెతో తుడిచి మళ్ళీ బిగించారు. అప్పగిస్తూ, "పూజ చెయ్యుండ్రి సేట్. కాకపోతే బొట్టు మూత మీద పెట్టుండ్రి, మీటల సందులల్ల పెట్టకుండ్రి" అన్నారు. మూత మూలన ఒక బొట్టును తుడవకుండా అలాగే ఉంచారు. ఇతరుల విశ్వాసాన్ని నొప్పించకపోవడం ఆయన సహజ స్వభావం.

ఇక నా తప్పు సంగతి రాయాలి. దాన్ని దాచి ఆయనకు నివాళి రాయడం అధర్మం.

కొత్తవారి కోసం సాంబయ్య గారు పదకొండు పాఠాలు తయారుచేశారు. పాఠానికొక క్యాసెట్. తెలియనివారికి చెప్పాలి: పాఠాన్ని టేపు మీదికి ఎక్కిస్తే అది ఒక కీచుమనే శబ్దంగా నిలుస్తుంది, ఆ శబ్దం వినిపిస్తే కంప్యూటర్ మళ్ళీ పాఠాన్ని అందుకుంటుంది. ప్రతి క్యాసెట్ మొదట్లో, ఆ కీచుకు ముందు, ఆయన తన గొంతుతో నాలుగు మాటలు చెప్పి పెట్టారు. "ఇది ఒకటో పాఠం. వైర్లు సరిగ్గ పెట్టిండ్రా, ఒక్కపారి చూస్కోండ్రి. ఏం ఫికర్ లేదు. జర సబర్ పట్టుండ్రి, ఇగ వస్తాంది." పదకొండు క్యాసెట్లలోనూ ఇవే మాటలు, పాఠం నంబరు ఒక్కటే మారేది. నాకు చిరాకు వేసేది. నాకు అన్నీ పద్ధతిగా ఉండాలి. ప్రతిసారీ ఆ అర నిమిషం దండగ అనిపించేది.

పోయిన వేసవి సెలవుల్లో పదకొండు పాఠాలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొత్త క్యాసెట్ల మీదికి శుభ్రంగా దించాను. మనిషి మాటను కంప్యూటర్ అందుకోదు కనుక, పాఠాలు దిగాయి, గొంతు దిగలేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు అంటించాను. పాత క్యాసెట్లను అభ్యాసానికి పనికొస్తాయని, ఒకటి నేనుంచుకుని, మిగతావి అడిగిన సభ్యులకు తలా ఒకటి పంచేశాను. సాంబయ్య గారు కొత్త క్యాసెట్ ఒకటి పెట్టి విన్నారు. మీట నొక్కగానే కీచుమంది. "నా మాట ఏమాయె?" అన్నారు. "సమయం కలిసొస్తుందని తీసేశాను సార్" అన్నాను. నేను అంటించిన చీటీ చూసి, "మంచిగనే చేసినవ్. నా లొల్లి తప్పింది అందరికి" అన్నారు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం మేము మళ్ళీ మీది గదిలో చేరాం. ఎవరమూ పెట్టె తెరవలేదు. అప్పుడు ఆయన భార్య కౌసల్యమ్మ మెట్లెక్కి వచ్చింది. క్లబ్బు జరిగినన్నాళ్ళూ కింద నుంచి చాయ్ పంపేదే తప్ప, పైకి రావడం నేను చూడలేదు. నా దగ్గరకు వచ్చి, "టీచరమ్మా, గా డబ్బలల్ల ఆయన మాట ఉన్నదట గదా. ఫోటువ అయితే ఉన్నది. మాట లేదు. ఒక్కపారి ఇనిపియ్యవా?" అంది.

గదిలో అందరూ నా వంక చూశారు. "నేను తీసేశానమ్మా" అని చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. అందుకు నాకు సిగ్గు వేసింది. పాత క్యాసెట్లలో వెతుకుతాననీ, వారం ఆగమనీ అన్నాను.

యాదగిరి సైకిల్ మీద ఊరంతా తిరిగి పదకొండు క్యాసెట్లూ పోగుచేశాడు. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నాం. ఎవరయినా క్యాసెట్‌ను మొదటి నుంచే వాడతారు. ఆయన మాటలు ఉన్నదీ అక్కడే. పదకొండింటిలోనూ ఆ చోట మా కీచులే ఉన్నాయి. పదకొండోది నాదే, దాని మీద పదో తరగతి మార్కుల లెక్క ఎక్కించి ఉంది. యాదగిరి కళ్ళు తుడుచుకున్నాడు. నేను క్యాసెట్లను నంబర్ల వరుసలో పేర్చాను.

మరుసటి ఆదివారం కౌసల్యమ్మ వచ్చి కూర్చుంది. లేదని చెప్పాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. "మరి అండ్ల ఏమున్నది?" అని అడిగింది. పాఠాలున్నాయన్నాను. "గదే పెట్టు. ఏం చేసిండో చూస్త."

ఒకటో పాఠం ఎక్కించాను. ఆయన తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టిన పాఠం అది. కౌసల్యమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కనుక క్లబ్బు నియమం ప్రకారం ఆమె మీటల ముందు కూర్చుంది, నేను పక్కన కూర్చుని చదివాను. "మీ పేరు ఏమిటి, అని అడుగుతున్నారమ్మా" అన్నాను. ఆమె తెర వంక చూసి, "నా పేరు ఆయనకు తెల్వదా?" అంది. ఒక్కొక్క అక్షరం ఎలా ఉంటుందో చెబుతుంటే, ఆమె చూపుడు వేలితో వెతికి వెతికి నొక్కింది. ఎనిమిది అక్షరాలకు చాలాసేపు పట్టింది. ఆమె బదులు ఎవరమూ మీట నొక్కలేదు.

తెర మీద జవాబు వచ్చింది. చదివాను. "నమస్తే కౌసల్య గారూ. భయపడకండి. తప్పు కొట్టినా ఏం కాదు. నేను ఇక్కడే ఉన్నాను."

ఆమె నా వైపు తిరిగింది. "కౌసల్య గారూ అన్నడా?"

"అన్నారమ్మా."

"ఇన్నేండ్ల సంసారంల ఒక్కనాడు పేరు పెట్టి పిలువలే. ఇగో, ఓ, అనుడే. గారు అన్నడా నన్ను?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత, "ఇంకోపారి సదువు టీచరమ్మా" అంది.

మళ్ళీ చదివాను. మూడోసారి చదవబోయాను. ఆ గురువారం మధ్యాహ్నం నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

సాంబయ్య గారి వంటి ఆచార్యుడు మాకు మళ్ళీ లభించడు. మీట నొక్కడం నేర్పేవారు రేపు వీధికొకరు వస్తారు; కామా కోసం వెతికే మనిషి పక్కన చేతులు కట్టుకుని కూర్చునేవారు రారు. ఆయన కంఠస్వరాన్ని కాపాడలేకపోయిన శిష్యురాలిని నేను. ఇప్పుడు ప్రతి ఆదివారం కౌసల్యమ్మ పైకి వచ్చి తన పేరు కొడుతుంది, నేను ఆయన మాట చదువుతాను. దానికి ముందు, ఒకప్పుడు నేను దండగ అనుకున్న ఆ అర నిమిషమూ నేనే పైకి చెబుతున్నాను: వైర్లు సరిగ్గ పెట్టిండ్రా, ఒక్కపారి చూస్కోండ్రి. ఏం ఫికర్ లేదు. జర సబర్ పట్టుండ్రి, ఇగ వస్తాంది.