డైరెక్ట్ ఇచ్చిన కత్తి

నేను భయస్తుణ్ని. ఈ మాట మా నాయన పదిమందిలో చెప్పినా నాకు కోపం రాదు, నిజమే గాబట్టి. కరెంటన్నా భయమే, మంటన్నా భయమే. అట్లాంటోడు వెలుగు కత్తి విప్పి లోపల తీగెలు మార్చేకి కూర్చున్నాడంటే తిక్క గాక ఇంకేంది?

వెలుగు కత్తులు సినిమాల్లో చూసింటారు. జానెడు అల్యూమినియం పిడి, దానికి నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టం. బటన్ నొక్కితే గొట్టమంతా నీలంగా వెలుగుతాది, ఊపితే గుయ్యిమంటాది. బెంగుళూరులో ఒకాయన చేత నా చేతికి సరిపడేటట్టు చేయించుకున్నా. నలభై ఏండ్లొచ్చినాక ఇదేం పిచ్చి అని మా ఆమె అడిగింది. చిన్నప్పుడు జొన్నదంటు ఊపినోణ్ని, ఇప్పుడు దీన్ని ఊపుతాండా, అంతే.

దాని శబ్దం దోమ మాదిరి ఉండాదని కొత్త బోర్డు, పెద్ద లైటు తెప్పించినా. అనంతపురంలో మాది ఒంటి గది. ఆడ ఈ పని పెట్టుకుంటే మా ఆమె కత్తితో పాటు నన్నూ బయట పారేస్తాది. అందుకే ఆదివారం ముదిగుబ్బ పక్కన ఉండే మా ఊరికి పోయి, గొర్రెల కొట్టం ముందర మంచమేసుకొని కూర్చున్నా. తీగెలు అతికించడం అదే మొదటిసారి. కరిగిన సీసం యాడబడితే ఆడ కారింది. బోర్డు కాలిపోతాదేమోనని ప్రతి చుక్కకూ ఊపిరి బిగబట్టినా.

మధ్యాహ్నానికి ఎట్లనో ముగించినా. వెలిగింది. గట్టిగా ఊపగానే ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. ఎందుకో నాకు తెలుసు, వీడియోలో చూసినా. బ్యాటరీ అడుగున చిన్న బిళ్ల ఉంటాది. కరెంటు ఎక్కువ లాగితే అది ఆపేస్తాది. బ్యాటరీకి కాపలా అది. నా పెద్ద లైటు మోతాదుకు మించి లాగుతాండాది.

ఈ సంగతి చెప్తే పక్కన కూర్చున్న నాయన అన్నాడు: "ఆ కాపలావాణ్ని పీకేసి డైరెక్ట్ ఇయ్యప్పా."

బోరుండే ఏ ఇంట్లోనైనా మా పక్క ఈ మాట వినబడతాది. మోటరు మీద బరువు పడితే ఫీజులో సన్న తీగె కాలిపోతాది. ఇంకో సన్న తీగె వేస్తే అదీ కాల్తాది. కరెంటుండేది కొన్ని గంటలే, ఆ లోపల తోటలో చీనీ చెట్లకు నీళ్లు పారాల. అందుకని లావు రాగి తీగె చుట్టి పారేస్తాం. పదేళ్లప్పుడే ఆ తీగె మెలిపెట్టి నాయన చేతికిచ్చినోణ్ని నేను.

బిళ్ల పీకేసినా. లోపల బెదురుగానే ఉండె, గానీ నాయన చూస్తాండాడు. తీగె నేరుగా అతికించి, అన్నీ పిడిలోకి కుక్కి మర బిగించినా. ఈసారి ఎంత ఊపినా ఆరలేదు. నాయన కూడా తీసుకొని రెండుసార్లు ఊపి చిన్నపిల్లోడి మాదిరి నవ్వినాడు. ఆయన అట్ల నవ్వి చానా దినాలైనాది.

పొద్దు వాలుతాంటే గొర్రెపిల్ల ఒకటి కొట్టంలో వామి వెనక్కి దూరి అరవబట్టింది. వామి అంటే శనక్కట్టె, ఎండిన వేరుశనగ చెట్ల కుప్ప. వానలు పడేదాకా మా గొర్రెలకు ఉండే తిండంతా అదే. కొట్టంలో పట్టపగలే చీకటి. పైగా కరెంటు పోయింది. "నీ కత్తి ఉత్తగనే ఉండాది గదా" అని నాయన దాన్ని వెలిగించుకొని లోపలికి పోయినాడు.

నేను సామాన్లు సర్దుతాండా. మంచం కింద ఎర్రగా ఏదో కనబడింది. తీగె మీది తొడుగు తునక. మర బిగించేటప్పుడు పిడి అంచుకు గీసుకొని ఊడిందది. తొడుగు లేని తీగె పిడికి తగిల్తే ఆపేకి కాపలా లేదు, నేనే పీకేసినా. అట్లాంటి బ్యాటరీ కాగి కాగి ఎట్ల మండుతాదో కూడా వీడియోలో చూసినా.

గడప దాకా ఉరికినా. లోపల నీలం వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది.

"ఇది కాల్తాందిరా" అన్నాడు నాయన చీకట్లోనుంచి.

పారెయ్ నాయనా, పారెయ్ అని అరిచినా. నా కాళ్లు ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. రాసేకి సిగ్గుగా ఉండాది గానీ, రెండు చేతులా ద్వారబంధం పట్టుకొని అరుస్తానే ఉన్నా. పిడిలోనుంచి తెల్ల పొగ, బుస్సుమని చప్పుడు. నాయన దాన్ని ఒంటికి దూరంగా చాపి పట్టుకొని వచ్చి, భుజంతో నన్ను పక్కకు తోసి, అవతల బోడి చేన్లోకి పోయి విసిరినాడు. అది నేల మీద పడీ పడకముందే భగ్గుమని నిలువునా మంట లేచింది. చేన్లో అంటుకునేకి గడ్డిపరక లేదు. కరువు మాకు ఎప్పుడైనా మేలు చేసిందంటే ఆ పొద్దే.

నాయన కుడి అరచేతి తోలు ఊడిపోయింది. ముదిగుబ్బ ఆసుపత్రికి బండి మీద పోతా అడిగినా, నేను పారెయ్యమని అరుస్తాంటే ఎందుకు పారెయ్యలేదని.

"యాడ పారెయ్యమంటావు? వెనక వామి. ముందర గడపలో నువ్వుంటివి."



మరుసటి ఆదివారం పోయి, మెయిన్ ఆపేసి, బోరు కాడ ఫీజు పెట్టె తెరిచి లావు తీగెలు పీకేసి సన్నవి వేసినా. నాయన కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని గట్టు మీద కూర్చోని చూస్తాండె.

"మోటరు నిలిచిపోతాదిరా" అన్నాడు.

"నిలిచిపోనీ నాయనా."

కరెంటు పోయే లోపల రెండుసార్లు నిలిచిపోయింది. రెండుసార్లూ ఆయనే లేచొచ్చి, ఎడం చేత్తో సన్న తీగె తునక నాకు అందిచ్చినాడు.