మండవల్లి గట్టు మీద కంచర గాడిద

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను చూపించి, "వీడు కంచర గాడిదరా, మోయడానికి తప్ప మరి దేనికీ పనికిరాడు" అన్నారు. ఆ మాటకి గాడిదలు నొచ్చుకుంటాయని అదే రోజు బడి మానేశాను. తర్వాత తాడేపల్లిగూడెంలో గుర్రాలకీ కంచర గాడిదలకీ నాడాలు కొట్టుకుంటూ బతికాను. అంచేత రెండు వేల ఏడో సంవత్సరం వానల్లో నేను చేసిన ఈ ప్రయాణం చదువున్నవాడి యాత్ర కాదు. తప్పు దిద్దుకోవడానికి పరుగెత్తినవాడిది.

తప్పు ఇదీ. మండవల్లి దగ్గర చేపల చెరువులకి ఐసు దిమ్మలు తోలే సువార్తమ్మగారికి మూడేళ్ళ కిందట రాణి అనే ఆడ కంచర గాడిదని కుదిర్చిపెట్టింది నేనే. తల్లి గుర్రం, తండ్రి గాడిద. వానల్లో గట్ల మీద ఆటోలు దిగబడతాయి, అది దిగబడదు. "చూడి కట్టదండి, మగ గాడిద పక్కన కట్టేసినా భయం లేదు" అని మాటిచ్చాను. ఆవిడ నమ్మి అలాగే కట్టేశారు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, రాణి కడుపు బాగా పెరిగింది, మేత ముట్టడం లేదు అన్నారు. "ఉబ్బరమండి. వాము, ఇంగువ పట్టించి నడిపించండి. రేపటికి నాలా సన్నబడుతుంది" అన్నాను. తెల్లారి అయిదున్నరకి మళ్ళీ ఫోను.

"మీరన్నట్టే నడిపించానండి. ఇప్పుడు ఉమ్మనీరు పోయింది."

చెప్పులు తొడుక్కుని స్టేషనుకి పరుగెత్తాను.

ఆరూ నలభై పాసింజరు పట్టుకున్నాను. టిక్కెట్టు తొమ్మిది రూపాయలు. ఎదురు సీట్లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నారు. ఎక్కడికని అడిగితే ఉన్నది చెప్పాను.

"కంచర గాడిదకి కడుపంటే చావేనని పెద్దలు ఊరికే అనలేదయ్యా," అన్నారాయన, చట్నీలో ఇడ్లీ ముంచుతూ.

"ఆ పెద్దలు కళ్ళారా చూశారంటారా అండీ?"

"చూసే ఉంటారు. బతికించి ఉండరు."

నాకూ ఒక ఇడ్లీ ఇవ్వబోయారు. వద్దన్నాను.

ఏలూరులో దిగేసరికి ఎనిమిది. ఎనిమిదీ ఇరవైకి కైకలూరు బస్సు. మీరెప్పుడైనా ఆ బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోండి, కొల్లేటి నీళ్ళలో గూడబాతులు కనిపిస్తాయి. నేను చూడలేదు. సెల్‌ఫోనులో సిగ్నల్ గీతలు చూస్తూ కూర్చున్నాను. సగం దారిలో రోడ్డు మీదుగా నీళ్ళు పారుతున్నాయి. డ్రైవరు బస్సాపి బీడీ వెలిగించాడు.

"ఎంతసేపండీ?" అన్నాను కండక్టరుతో.

"నీళ్ళనడగండి," అన్నాడు.

నలభై నిమిషాలు. ఈలోగా సిగ్నల్ తగిలితే ఫోన్ చేశాను. సువార్తమ్మగారు ఒకటే అన్నారు: "ఒక కాలు కనిపిస్తోందండి. రెండోది రావడం లేదు."

కైకలూరు చేరేసరికి పదీ పావు. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ గేదెకి సూది వేస్తున్నారు. ఆవిడకి నా సంగతి బాగా తెలుసు. పోయినేడు గుర్రానికి చూపు మందగించిందని పిలిపించి, కళ్ళజోడు పెట్టిన గుర్రాన్ని చూపించాను.

"కంచర గాడిద ఈనుతోంది మేడం."

"ఈసారి దానికేం పెట్టారు, టోపీయా?" అన్నారు తలెత్తకుండా.

"అబద్ధమైతే ఆ సూది నాకే పొడవండి."

"ఇది గేదె సూదండీ."

"తెలుసండి. అందుకే అంటున్నాను."

అప్పుడు నా మొహం చూశారు. నవ్వు లేదు. వెంటనే సంచీ సర్దుకున్నారు. స్కూటరు మీద వెళ్తుంటే, "ఎక్కడో కోటికొకటి ఈనుతుందని చదువుకున్నాను. చూస్తాననుకోలేదు" అన్నారు.

గట్టు మీద రాణి పక్కకి పడి ఉంది. సువార్తమ్మగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇది పోతే దిమ్మలు నెత్తిన మొయ్యాలండి," అన్నారు, అంతే.

డాక్టరమ్మ భుజందాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టి, ముడుచుకున్న కాలు వెతికి సరిచేశారు. "నేను చెప్పినప్పుడే లాగండి" అన్నారు. ఎన్ని వేల గిట్టలు పట్టుకున్నానో, అంత మెత్తని గిట్ట పట్టుకోవడం అదే మొదలు. మూడోసారి లాగినప్పుడు రాణి ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. రైల్లో మాస్టారన్న మాట గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా కాళ్ళ మీద పొడుగు చెవుల తడి మూట. ఊపిరి లేదు. డాక్టరమ్మ దాని ముక్కులో గడ్డిపరక పెట్టారు. తుమ్మింది.

రాణి మాత్రం లేవలేదు. సెలైను ఎక్కుతూనే ఉంది. పన్నెండయింది, ఒంటిగంటయింది. ఒకటిన్నరకి ముందుకాళ్ళు తన్నిపెట్టి లేచింది. పిల్లని వాసన చూసింది, నన్ను చూసి చెవులు వెనక్కి పెట్టింది. అప్పుడు సువార్తమ్మగారు కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించారు. కొరమేను పులుసు. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపేమో, మూడుసార్లు వడ్డించుకున్నాను.

బయల్దేరేటప్పటికి కూడా పిల్ల పాలు తాగలేదు. సాయంత్రంలోపు తాగకపోతే దక్కడం కష్టమని డాక్టరమ్మ చెప్పారు.

నాలుగు గంటల బస్సు, ఆరూ పది పాసింజరు. కంచర గాడిద ఈనడం జరగదు జరగదంటూ ముప్పై ఏళ్ళుగా వచ్చాను. "నేను చూడలేదు" అనుంటే సరిపోయేదని ఏలూరు దాటాక తోచింది. ఫోన్ చేశాను. పిల్ల సంగతి సూటిగా అడగడానికి నోరు రాక, "పులుసు ఎక్కువైందండి, కడుపు ఉబ్బరంగా ఉంది" అన్నాను.

"ఎందుకైనా మంచిది, డాక్టరుకి చూపించుకోండి," అన్నారావిడ. "నిన్న మీరు ఉబ్బరం అన్నది, ఇందాకే పాలు తాగి పడుకుంది."