రికార్డులోని దగ్గు

ఆ ఎల్.పి. రికార్డులో లోపముందని చాలాకాలం అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

మద్రాసు గాయని ఒకావిడ, స్నేహితులతో కలిసి, జనం పనిచేసే చోట్లకే వెళ్లి, వాయిద్యాలకు బదులు ఆ పనుల చప్పుళ్లతో చేసిన పాటలవి. ఒక పాట మధ్యలో ఎవరో గట్టిగా దగ్గుతారు.

ఎనభైల్లో ఒకసారి ఒంగోలు బస్సులో, నా ఒళ్లో ఉన్న ఆ రికార్డు అట్టను పక్క సీటు ఆవిడ చేతిలోకి తీసుకుంది.

"ఈ బొమ్మలోది మా మిరప కల్లమేనండి. మేం తెల్లబారిన తాలుకాయలు ఏరతంటే ఆవిడ పాడింది. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. తియ్యం, ఉంచుతాం అన్నారు. ఉంచారాండీ?"

"ఆ దగ్గే పాటంతా చెడగొట్టింది," అన్నాను.

"అయితే ఉంచారన్నమాట," అని అట్టను కొంగుతో తుడిచి నాకిచ్చి, చిలకలూరిపేటలో దిగిపోయింది.

ఇప్పుడు ఆ పాట వేసినప్పుడు, ఆ చోటు రాగానే, గదిలో మాట్లాడేవాళ్లను కాసేపు ఆగమంటాను.