మామ పంపిన ఖాళీ మెసేజీ

నేను ఏది చెప్పినా అందులో మూడొంతులు తీసేసి వినాలని మా ఇంట్లో ఒక నియమం ఉంది. చినుకు పడితే వరద అంటాను, ఎవరైనా తుమ్మితే పిడుగంటాను. ఈ ఒక్క సంగతిని మాత్రం కోతపెట్టకుండా చదవండి. ఇందులో నేను పెంచినవి ఎండ, కాకులు, నా తెలివి. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను.

ఈ ఫోన్ల దుకాణానికి ముందు నాకు చంద్రపూర్ బజారులో ఎస్టీడీ బూతు ఉండేది. జనం చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక నా గాజు గదిలోకి ఈగ కూడా రావడం మానేసింది. వచ్చిన ఒకటీ అరా ఈగలు కూడా ఎవరికీ ఫోన్ చేసేవి కావు. చివరికి బోర్డు మార్చి, నాలుగు కొత్త ఫోన్లు, ఒక గంపెడు పాత ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మడం, బాగుచేయడం, బాగుకాకపోతే తిట్లు తినడం, అన్నీ నేనే.

మా మామ, అంటే మా మేనత్త భర్త, లాల్‌పేట్ దగ్గర భూమిలోపలి బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఆయన నా దగ్గర రెండు ఫోన్లు కొన్నాడు. తనకు చిన్నది, అత్తకు పెద్దది. ఆ పెద్దది నాగపూర్ నుంచి దిగిన సెకండ్ హ్యాండ్ స్మార్ట్‌ఫోన్. ఇప్పటివాటిలా అప్పడం కాదు, ఇటుక. దాన్ని కొంగున కట్టుకుంటే అత్త ఒక పక్కకు వంగి నడిచేది. దానికి పక్కనే ఒక పుల్ల ఉండేది, దాంతో అద్దం మీద పొడవాలి.

"ఇందులో ఇంటర్నెట్టుంది, కంప్యూటరుంది, బాగా వెతికితే బంగారం కూడా దొరుకుతది" అన్నాను అమ్మేటప్పుడు.

మామ నవ్వాడు. "గామెకు సదువుడు రాదు, నాకు గందుల కొట్టుడు రాదు. గీ స్మార్టు మాకేం జేస్తదిరా అల్లుడా?"

వాళ్లు దాన్ని దేనికి వాడారో తెలిస్తే ఫోన్ కనిపెట్టినవాడు సన్యాసం పుచ్చుకుంటాడు. గనిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పైన, దిగేవాళ్లకు తలదీపాలిచ్చే గది పక్కన వరుసగా ఇనప పెట్టెలుంటాయి. మామ తన ఫోన్ని అందులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని దిగేవాడు. నాలుగింటికి షిఫ్టు విడిచి పైకి రాగానే మొట్టమొదట ఆ పెట్టె తెరిచి, నల్లటి వేలితో అత్తకు ఒక మెసేజీ పంపేవాడు. అందులో ఒక్క అక్షరం ఉండదు. ఖాళీ. మళ్లీ పెట్టెకు తాళం వేసి కుళాయి దగ్గరికి ఒళ్లు కడుక్కోవడానికి పోయేవాడు.

ఇక్కడ ఇంట్లో ఫోన్ టింగుమనేది. టింగంటే, పైకొచ్చాను అని. అప్పుడు అత్త పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టేది. టింగు వినకుండా ఎసరు పెట్టేది కాదు. మనిషి ఇంకా భూమిలో ఉండగా ఆయన కోసం బియ్యం కడగడం మంచిది కాదని ఆమె లెక్క.

అత్త ఫోన్ సొంత జ్ఞాపకం, అదే మెమరీ, నాగపూర్‌లోనే పోయింది. మెసేజీలన్నీ సిమ్ములోనే పడేవి, సిమ్ములో పాతికకు మించి పట్టవు. నిండిందంటే అద్దం మూలన చిన్న కవరు బొమ్మ టపటపా మెరుస్తుంది. అంటే, బయట ఒక మెసేజీ నిలబడి ఉంది, లోపల చోటు లేదు అని. అప్పుడల్లా మామ దాన్ని దుకాణానికి తెచ్చేవాడు. నేను మొత్తం చెరిపేసి గుండు కొట్టించి ఇచ్చేవాణ్ని. అలా వందల టింగుల్ని టీ తాగుతూ తుడిచేశాను.

తర్వాత మామ పోయాడు. గుండె ఆగిందన్నారు. అయిదు గంటలకు గని గేటు నుంచి నా దుకాణానికి ఫోన్ వస్తే ఆస్పత్రికి పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది.

ఆయనతోపాటు పనిచేసే ఒకాయన ఉండేవాడు, పొడుగ్గా, దీపస్తంభంలా. నేను కాకా అని పిలిచేవాణ్ని. ఆయనే అత్తకు చెప్పాడు: "వదినె, నా కండ్లతోని జూసిన. పైకొచ్చిండు, మంచిగనే ఉన్నడు. నల్లా కాడికి పోయి కూలవడ్డడు."

అత్త ఏడవలేదు. ఒకటే అడిగింది. "మరి టింగు ఎందుకు రాలే?"

గనుల దగ్గర పెరిగిన వాళ్లకు ఆ ప్రశ్నలో ఉన్న భయం తెలుసు. భూమిలో పోయినవాడు భూమిలోనే తిరుగుతాడంటారు. షిఫ్టు లేని వేళ లోపల ఎక్కడో ఒక దీపం కదులుతుందనీ, పేరు పెట్టి పిలిస్తే ఆగుతుందనీ చెప్పుకుంటారు. అలాంటి దీపాలను నేను దుకాణంలో కూర్చున్న చోటినుంచే వేలకొద్దీ చూశానని చెప్పి చాలామందిని భయపెట్టేవాణ్ని. అత్త ఆ మూడు రోజులూ గోడకు ఆనుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ మాటలన్నీ నా మెడ మీద కూర్చున్నాయి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. కూడు, కూర, గారెలు పక్కింటి పొయ్యి మీద వండించి, ఎందుకంటే దినాలయ్యేదాకా మా వాళ్లు చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు, గని క్వార్టర్ల వెనక గోడ పక్కన విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినాయన మనసులో ఏదో మిగిలిందని.

కాకి రాలేదు. చంద్రపూర్‌లో కాకులకు కొదవా? బొగ్గుపొడికి మా ఊళ్లో కొంగలు కూడా కాకుల్లాగే ఉంటాయి. అయినా ఒక్కటి దిగలేదు. ఆ ఎండకు చెప్పుల అడుగులు కరిగి మేం నిలబడ్డ చోటే అతుక్కుపోయాం. పెద్దవాళ్లు ఒక్కొక్కరే మామకు మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

"నీ ఇంటిదాన్ని మేం జూసుకుంటం, వచ్చి ముట్టు."

కాకి లేదు.

కాకా ముందుకొచ్చి ఒక మందు సీసా మూత తిప్పి విస్తరి పక్కన నేల తడిపాడు. "గిదే కావొచ్చు, పట్టు."

దానికీ రాలేదు. పక్క క్వార్టర్ మరాఠీ ముసలమ్మ గోడ మీంచి తొంగి చూసి అడిగింది, "కావళా శివలా కా?" కాకి ముట్టిందా అని. లేదని తలూపాం. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

అప్పుడే అత్త నన్ను ఇంట్లోంచి కేకేసింది. కాకా కూడా నా వెనకే వచ్చాడు.

"అల్లుడా, గిది జూడు. మొన్నటి సంది గిట్లనే కొట్టుకుంటుంది."

అద్దం మూలన కవరు మెరుస్తోంది. టప్. టప్. తలుపు మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు. పట్టపగలు, నలభై ఏడు డిగ్రీల్లో, నా వీపు మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది.

నాకున్న విద్యలన్నీ వాడాను. మెసేజీలు పంపే సెంటర్ నంబరు చూశాను, సరిగానే ఉంది. మెసేజీలను సిమ్ములోంచి ఫోన్లోకి మార్చబోయాను, ఫోన్ ఒప్పుకోలేదు. చివరికి ప్రతి ఫోన్ డాక్టరూ చేసే పనే చేశాను. బ్యాటరీ తీసి, చొక్కాకు తుడిచి, పెట్టాను. ఫోన్ లేవలేదు. మళ్లీ తీసి పెట్టాను. లేచింది, కానీ సిమ్మే లేదంది. అత్త మొహం చూడలేకపోయాను. గుప్పిట్లో పెట్టి గట్టిగా అదిమాను, దేవుళ్లందరికీ తలా ఒక కొబ్బరికాయ, కొందరికి రెండు మొక్కాను. అప్పుడు కవరు తిరిగొచ్చింది.

"ఇగ దీన్ని ఇప్పద్దు" అంది అత్త. "ఇంకోసారి ఇప్పితే నీ చెయ్యి ఇరగ్గొడ్త."

"ఇప్పను అత్తా. సిమ్ము వేరే ఫోన్లో వేద్దామన్నా దీన్ని ఇప్పాల్సిందే. ఇంక ఒక్కటే దారి. లోపల ఒకటి చెరిపేస్తే చోటు దొరుకుతది, బయటున్నది లోపలికొస్తది."

"గదెవరిది?"

"తెల్వదు. మామదే కావొచ్చు. కాకపోనూవచ్చు. ఎక్కువ రోజులాగదు, ఆగీ ఆగీ పోతది."

అత్త ఫోన్ని గుండెకు అదుముకుంది. "చెరిపేస్తవా? గవి ఆయినెవి."

"అన్నీ ఖాళీవే గదా అత్తా! ఒకదాంట్లోనూ ఏం లేదు!"

"నీకు లేదు" అంది.

కాకా గొంతు సవరించుకున్నాడు. "వదినె, నేను జూసిన్నని జెప్పిన గద..."

"నువ్వు జూసినవు. నేను ఇన్లే."

తర్వాత ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, "కిందికెల్లి ఒక్కొక్కటి ఏ దినందో జెప్పు" అంది. నేను తేదీ చెబుతుంటే ఆమె ఆ రోజు చెప్పింది. ఒకటి చిక్కుడుకాయ వండిన రోజు. ఒకటి ఇద్దరూ మాట్లాడుకోని రోజు, అయినా టింగు వచ్చింది, అయినా ఎసరు పెట్టింది. ఒకటి కరెంటు పోయి చీకట్లో తిన్న రోజు. నా కళ్లకు ఒకే తెల్ల కాగితంలా కనిపించిన వాటిని ఆమె పిల్లల్లా గుర్తుపట్టింది. ఒక తేదీ దగ్గర ఆమె కళ్లు చిన్నవయ్యాయి.

"గదా? గది తీసెయ్. గా దినం టింగుమనిపిచ్చి కల్లు దుకాన్ల గూసున్నడు. అన్నం సల్లగైంది. గది అబద్ధం మెసేజి."

తీసేశాను. ముగ్గురం ఆ ఇటుక వైపు చూశాం.

టింగ్.

అత్త లేచి నిలబడింది. "ఆయినేనా?"

ఫోన్ కంపెనీవాళ్లు. ఎవరైనా మనకు ఫోన్ చేస్తే గంటకు బదులు ప్రేమ పాట వినిపిస్తారట. కాకా ఆ కంపెనీ ఏడు తరాలను, వాళ్ల టవర్లతో సహా, తలచుకున్నాడు. కవరు ఇంకా మెరుస్తూనే ఉంది. ఈసారి ఆ ప్రకటననే చెరిపేశాను.

టింగ్. మళ్లీ కంపెనీ. మీ భవిష్యత్తు తెలుసుకోండి అని.

"ఏమంటుంది?" అంది అత్త.

"ఏం లేదు. ఊరికే." చెరిపేశాను.

మూడోసారి వెంటనే రాలేదు. బయట పెద్దవాళ్లు ఇంకా కాకికి మాటలిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పంకా కిర్రుమంటోంది. నేను ఇక రాదని చెప్పడానికి నోరు తెరిచాను.

టింగ్.

మామ నంబరు. తెరిచాను. తెల్లగా, ఖాళీగా.

"ఆయినెదే" అన్నాను.

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "ఏ దినం?"

"ఆ దినమే."

"ఎన్ని గంటలకు?"

పుల్లతో కిందికి జరిపి చూశాను. ఆరు దాటి పది నిమిషాలు.

ఆరు దాటిన ఆ వేళకు మామ ఆస్పత్రి వరండాలో, తెల్లగుడ్డ కింద ఉన్నాడు. పక్కనే నేనున్నాను. పెట్టె చెవి ఆయన మొలతాడుకే ఉంది, దాన్ని నా చేత్తోనే విప్పి జేబులో వేసుకున్నాను. మర్నాడు నేనూ కాకా కలిసి ఆ పెట్టె తెరిచాం. అందులో టిఫిను డబ్బా, చొక్కా, ఫోన్ ఉన్నాయి.

నేను పుట్టినప్పటినుంచీ అంకెల్ని పెంచుతూ వచ్చినవాణ్ని. పదిని వంద చేశాను, వందను లక్ష చేశాను. ఆ రోజు మొదటిసారి ఒక అంకెను తగ్గించాను.

"నాలుగు గంటలకు అత్తా. నాలుగు మీద అయిదు నిమిషాలు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చెప్పేదాంట్లో మూడొంతులు తీసేయాలని ఆమెకూ తెలుసు. ఏమీ తీయలేదు. ఫోన్ తీసుకుని కొంగున ముడేసుకుంది, బియ్యం డబ్బా మూత తీసింది.

వాకిట్లో కూర్చున్న చుట్టాలావిడ కేకేసింది. "ఏందక్కా, ఏం జేస్తున్నవ్? దినాలు గాలే, పొయ్యి ముట్టియ్యద్దు!"

"ఆయిన పైకొచ్చిండు" అంది అత్త, బియ్యం కడుగుతూ.

కాకా నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"తమ్మీ, నిజంగనే నాలుగింటికి కొట్టిండా?"

"అదేంది కాకా, నువ్వే కండ్లతోని చూసినవు గదా!"

ఆయన తన చెప్పుల వైపు చూశాడు. "నేను యాడ జూసిన? నేనొచ్చేసరికి నల్లా కాడ పడున్నడు. ఆయినె నడుసుకుంట వచ్చిండో, ఎవలన్న మోసుకొచ్చి పండవెట్టిండ్రో నాకెర్కనా? వదినెకు ఏమని జెప్పాలె మరి?"

నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఇనప పెట్టెలో సిగ్నలు సరిగా అందదు. నాలుగింటికి నొక్కిన మెసేజీ లోపల గింజుకుని గింజుకుని ఆరింటికి బయటపడి ఉంటుంది. ఫోన్ల సంగతి తెలిసినవాడిగా ఇది నేను కస్టమర్లకు ధైర్యంగా చెప్పగల మాట. నా దుకాణంలో మెసేజీలు పోవడం రోజూ చూశాను. అంత ఆలస్యంగా, అంత తీరిగ్గా ఒకటి రావడం మాత్రం మళ్లీ చూడలేదు. ఇప్పటికీ సాయంత్రం ఆరు దాటాక దుకాణంలో ఏ ఫోన్ టింగుమన్నా ముందు నా చెయ్యి జేబులోకి పోతుంది, ఆ పెట్టె తాళంచెవి కోసం.

గోడ దగ్గరికి వచ్చి చూస్తే విస్తరి ఖాళీగా ఉంది. మా వాళ్లందరూ ఇంట్లో గొడవేమిటా అని ఇటు తిరిగి ఉన్నారు. ముట్టింది కాకో, కుక్కో, మరెవరో చూసినవాడు లేడు. గారె ముక్క కూడా మిగల్లేదు. కిటికీలోంచి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది.

ముసలమ్మ గోడ మీంచి మళ్లీ తల పెట్టింది. "కావళా శివలా కా?"

నేనూ కాకా ఒక్కసారే అన్నాం. "శివలా, ఆజీ, శివలా."

నేను ఇంకో మాట కలిపాను, ఒకటి కాదు, వెయ్యి కాకులొచ్చాయని.