బాంజో పిల్లి ఆఖరి ఆట

లోర్నా డీట్రిక్ ముప్ఫై నాలుగేళ్ళుగా వెస్ట్ బ్లూమర్‌లో స్కూలు బస్సు నడుపుతోంది. ఊళ్ళో నలభై దాటనివాళ్ళు ఎవరైనా సరే, ఏదో ఒక పొద్దున ఆమె బస్సెక్కి, అద్దంలోంచి ఆమె చూసిన చూపుకి నోరు మూసుకుని కూచున్నవాళ్ళే. పదకొండు నెలలపాటు ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ ఉండదు. అక్టోబరు వచ్చిందా, ఇక ఆమెని పట్టలేం.

ఆమె పిచ్చల్లా పాత దయ్యాల సినిమాలు. నలుపు తెలుపువి. పొగమంచు కావాలంటే కెమెరా వెనకాల ఎవడో కెటిల్ మరిగిస్తున్నాడని తెలిసిపోయేవి, గబ్బిలానికి కట్టిన తీగ స్పష్టంగా కనిపించేవి. ఎవరైనా ఆ తీగ చూసి నవ్వితే లోర్నాకి ఒళ్ళు మండుతుంది. "కనిపిస్తుంది, నాకూ కళ్ళున్నాయి. అయినా నువ్వు ఉలిక్కిపడ్డావా లేదా, అది చెప్పు" అంటుంది. వీడియోలు వచ్చిన కొత్తల్లో స్కూలువాళ్ళు ప్రొజెక్టర్‌ని చెత్తడబ్బా పక్కన పెడితే, దాన్ని బస్సు ముందు సీట్లో కూచోబెట్టి, బెల్టు పెట్టి మరీ ఇంటికి తెచ్చుకుంది. రీళ్ళు ఒక్కొక్కటీ లైబ్రరీలు వదిలించుకున్నవి, పాత సామాన్ల సంతల్లో దొరికినవి.

వాటన్నిట్లోకీ ప్రాణం ఒక కార్టూన్. ఎనిమిది నిమిషాలు, మాటల్లేవు. వానలో తడిసిన ఒక పిల్లి బాంజో చంకన పెట్టుకుని పాడుబడ్డ పిండిమరలో దూరుతుంది. చలి పోవడానికి వాయించడం మొదలుపెడుతుంది. మూటల్లోంచి పిండి దయ్యాలు తెల్లగా లేచి ఆడతాయి. వాటికి ఆ పాట ఎంత నచ్చుతుందంటే ఇక ఆపనివ్వవు. పిల్లి ఆగిందంటే అవి ఒక్కో అడుగు దగ్గరికొస్తాయి. ఈలోగా బాంజో తీగలు ఒకటొకటే తెగిపోతుంటాయి.

ఏటా దయ్యాల పండగ హాలోవీన్‌కి ముందు వేషాలేసుకున్న పిల్లలు ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే సాయంత్రాన్ని ఊళ్ళో అడుక్కునే రాత్రి అంటారు. ఆరింటికి అగ్నిమాపక కేంద్రం సైరన్ మోగితే మొదలు, ఎనిమిదింటికి మోగితే సరి. రెండో సైరన్ తర్వాత చాక్లెట్ అడిగినవాడూ లేడు, ఇచ్చినవాడూ లేడు. ఆ రెండు గంటలూ లోర్నా గ్యారేజీ తలుపు మీద దుప్పటి కట్టి ఈ కార్టూన్ తిప్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా తిప్పుతోంది.

ఈ సెప్టెంబరులో డబ్బా మూత తీస్తే ఊరగాయ జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన గుప్పుమంది. పాత ఫిల్ముకి పట్టే జబ్బు అది, మందు లేదు. ఫిల్ము ముడుచుకుపోతుంది, అంచున ఉన్న కంతలు ప్రొజెక్టర్ పళ్ళకి అందకుండా పోతాయి. ప్రొజెక్టర్లు బాగుచేసే ముసలాయనకి ఫోన్ చేస్తే, కొలతలు అడిగి, ఒక్కసారి తిరుగుతుందేమో, రెండోసారికి నేను పూచీ కాదన్నాడు. ఇంకెక్కడైనా ఇంకో కాపీ ఉందా అని ఆమె అప్పటికి పదేళ్ళుగా వెతుకుతూనే ఉంది. లేదు.

కాబట్టి ఈ ఏడాది ఆఖరి ఆట. ఊళ్ళో పిల్లలంతా ఒక్కసారి, సరిగ్గా చివరిదాకా చూడాలి. ఆమెకి కావాల్సింది అంతే. రెండు వారాలు బస్సు మైకులో పొద్దునా సాయంత్రం చెప్పింది: అడుక్కునే రాత్రి, ఈ గురువారం, చీకటి పడగానే, నా గ్యారేజీ, మీ అమ్మానాన్నల్ని కూడా లాక్కురండి.

సోమవారం టౌన్ కౌన్సిల్ కూచుంది. అందులో డ్వేన్ క్లింగర్ అని, ఇనప సామాన్ల కొట్టువాడు, ఫోన్లో వాతావరణం చూసి గురువారం కుండపోత, ఈదురుగాలి అని చదివాడు. శుక్రవారం హైస్కూలు ఫుట్‌బాల్. శనివారం యూనివర్సిటీ ఆట, ఊరంతా టీవీల ముందే ఉంటుంది, తలుపు తీసే నాథుడుండడు. ఇక అడుక్కునే రాత్రికి మిగిలింది ఆదివారం. అందులోనూ పసిపిల్లలకి చీకట్లో ఇబ్బంది కదా అని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అని తీర్మానించేశారు.

మర్నాడు పిల్లల్ని బస్సు దింపేసి లోర్నా తిన్నగా డ్వేన్ కొట్టుకెళ్ళింది. ఒకప్పుడు ఆమె బస్సులో మూడో సీటు వాడు. ఆమెని చూడగానే చేతిలో మేకుల డబ్బా కింద పెట్టేశాడు.

"అడుక్కునే రాత్రి మధ్యాహ్నం రెండింటికేమిట్రా?"

"వానండీ మిస్ లోర్నా. పిల్లలు తడిసిపోతారు."

"ఎండలో నా సినిమా ఎట్లా కనపడుతుందో అది కూడా ఆ ఫోన్లో చూసి చెప్పు."

డ్వేన్ మెడ గోక్కున్నాడు. కావాలంటే నల్ల ప్లాస్టిక్ పట్టా ఇస్తాను, కిటికీలకి కట్టుకోండి, తగ్గించి ఇస్తానన్నాడు. పిల్లల చేతిలో రెండే గంటలు, ఎదుట యాభై ఇళ్ళు, పట్టపగలు ఎవడు వచ్చి మూసిన గ్యారేజీలో ఎనిమిది నిమిషాలు కూచుంటాడని ఆమె అడిగింది. తీర్మానం మార్చాలంటే మళ్ళీ కౌన్సిల్ కూచోవాలి, అది వచ్చే నెల. పట్టా కొనకుండానే వచ్చేసింది.

గురువారం వచ్చింది. ఆకు కదల్లేదు. ఆకాశం కడిగిన గాజుపలకలా ఉంది. చెల్లెలు ఫెర్న్ చిల్లీ అనే బీన్సు కూర గిన్నె పట్టుకుని వచ్చేసరికి లోర్నా దుప్పటి కట్టేసి, ప్రొజెక్టర్ పెట్టేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని ఆకాశాన్ని తిట్టుకుంటోంది. ఆరింటికి వరండా దీపం వేసింది. వెయ్యద్దని ఎవరైనా అంటారేమోనని చూసింది. సైరన్ మోగలేదు. సైరన్ మోగనిదే ఈ ఊళ్ళో పిల్లాడు గడప దాటడు, అది ఆమెకీ తెలుసు.

ఒక ట్రక్కు మాత్రం వచ్చి ఆగింది. అద్దం దించి ఎవరో, "ఆదివారానికి మార్చారండీ" అని మర్యాదగా చెప్పి వెళ్ళారు. తర్వాత ఇంకొకరు. మూడో మనిషి కూడా అదే చెప్పేసరికి లోర్నా కుర్చీలోంచి లేచి రీలు తీసింది.

"వద్దక్కా. ఒక్కసారే తిరుగుతుందన్నావు" అంది ఫెర్న్.

"ఆదివారం మిట్టమధ్యాహ్నం ఏం చూపించను? దుప్పటి చూపించనా?"

"కోపంలో చేస్తున్నావు."

"అవును, కోపంలోనే చేస్తున్నాను. ఇది వానొచ్చే రాత్రి కదా, చూడు ఎట్లా కురుస్తోందో."

పిల్లి మరలో దూరింది. పిండి దయ్యాలు లేచాయి. ఇద్దరాడవాళ్ళు, ఒక చిల్లీ గిన్నె, ఎదుట ఖాళీ వీధి. ఐదో నిమిషంలో బొమ్మ వణికింది. లోర్నా చెయ్యి మీటకి చేరేలోపే టకటకమని పళ్ళు ఫిల్ముని నమిలేశాయి. దుప్పటి మీద బాంజో ఒంటి తీగ మీద పిల్లి పంజా ఆగి, గోధుమరంగుగా మారి, మధ్యలోంచి కరిగిపోయింది.

ఇంకో మూడు నిమిషాలుంటే ఆ తీగ కూడా తెగేది. దయ్యాలు చుట్టూ మూగేవి. అప్పుడు పిల్లి తన మీసం ఒకటి పీకి, బాంజోకి బిగించి, అంతకుముందు ఎవరూ విననంత సన్నగా వాయించేది, దయ్యాలు ఒక్కొక్కటే నిద్రపోయి తిరిగి పిండైపోయేవి. ఆ మూడు నిమిషాలూ ఇప్పుడు లోర్నా ఒళ్ళో చిక్కుపడ్డ ముక్కలు. ఫెర్న్ చిల్లీ గిన్నె మీద మూత పెట్టింది. చెప్పానా అని ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికి ఓ మనిషి దొరికేది.

ఆదివారం రెండింటికి సైరన్ మోగింది. రెండూ ఇరవైకి వాన మొదలైంది.

మామూలు వాన కాదు, అడ్డంగా కొట్టే వాన. లోర్నా తెరిచిన గ్యారేజీలో చాక్లెట్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చూస్తూ కూచుంది. నవ్వుదామంటే నవ్వు రాలేదు. అట్టపెట్టెల రోబో ఒకడు నడుస్తూ నడుస్తూ నానిపోయి, చేతులు ఊడి, లోపలికి పరిగెత్తుకొచ్చాడు. వాడి వెనక మంత్రగత్తెలు, ఓ పిజ్జా ముక్క, తల్లులు, పిల్లల బండ్లలో పసివాళ్ళు. చివర్లో డ్వేన్, చిమ్మటపురుగు వేషంలో ఉన్న కూతుర్ని ఎత్తుకుని. దాని రెక్కలు తడిసి డ్వేన్ భుజానికి అంటుకుపోయాయి. జల్లు లోపలికి కొడుతోందని ఎవరో తలుపు కిందికి లాగారు.

గ్యారేజీ చీకటైపోయింది. అరవై మంది ఉంటారు. ఇరవై రెండేళ్ళలో ఇంతమంది ఒక్కసారిగా ఎప్పుడూ రాలేదు.

"మిస్ లోర్నా, పిల్లి ఏది?" అని చిమ్మట అడిగింది.

ఆమెకి కళ్ళు మండాయి. మూడు రోజులు, మూడే మూడు రోజులు ఊరుకుని ఉంటే. మీ మూలంగానే అని డ్వేన్‌ని అనాలని నోటిదాకా వచ్చింది, కానీ రీలు ఎక్కించిన చెయ్యి డ్వేన్‌ది కాదు. లేచి, దుప్పటిని లోపలి గోడకి కట్టి, మిగిలిన ముక్క ఎక్కించింది. ఇది కూడా తెగితే తెగనీ అనుకుంది. తెగలేదు. ఐదు నిమిషాలు తిరిగింది. రోబో తన అట్టపెట్టెలో తల దాచుకున్నాడు. ఒంటి తీగ దగ్గర బొమ్మ పోయి దుప్పటి తెల్లగా మిగిలింది.

"అయిపోయిందా?"

"తెగిపోయింది. నేనే తెంపాను" అంది లోర్నా.

తర్వాతేమవుతుందని పిల్లలు అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే పెద్దవాళ్ళు అందుకున్నారు. ఒకావిడ పిల్లి కిటికీలోంచి దూకేస్తుందంది. పిజ్జా ముక్క తండ్రి, కాదు, మర తిరిగి దయ్యాలు నలిగిపోతాయన్నాడు. డ్వేన్ అయితే తెల్లారి కోడి కూస్తుందని, కోడికి టోపీ కూడా ఉంటుందని చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

లోర్నా వింటూ వింటూ ఆగలేకపోయింది. ఇన్నేళ్ళు, ఇంతమంది, ఒక్కరికి కూడా సరిగ్గా గుర్తులేదు.

"కూచో డ్వేన్. ఆ కార్టూన్‌లో కోడే లేదు."

డ్వేన్ తడి నేల మీద కూచున్నాడు. అందరూ కూచున్నారు. ఆమె ప్రొజెక్టర్ దీపం ముందుకొచ్చి నిలబడింది. దుప్పటి మీద పెద్ద నీడ పడింది. మొదటి దయ్యం మూట దిగి ఒక అడుగు వేసిందని చెప్పింది. రెండోది ఎట్లా వచ్చిందో, దాని మోకాళ్ళలోంచి పిండి ఎట్లా రాలిందో చెప్పింది. తొందరపడలేదు, ఆ సినిమా తొందరపడదు కాబట్టి. తీగ ఎట్లా సాగిందో చూపించడానికి వేళ్ళు పైకెత్తింది.

సైరన్ మోగింది. నాలుగయింది.

జనం లేచారు. ఎవరూ ఏమీ అనుకోలేదు, అలవాటు. తలుపు పైకి లేపారు, వాన వెలిసి పచ్చటి ఎండ లోపలికి పడింది, దుప్పటి మీద నీడ చెరిగిపోయింది. థాంక్యూ మిస్ లోర్నా, థాంక్యూ మిస్ లోర్నా అంటూ రెండు నిమిషాల్లో గ్యారేజీ ఖాళీ. ఆమె వేళ్ళు ఇంకా పైనే ఉన్నాయి.

డ్వేన్ ఒక్కడే మిగిలాడు, నిద్రపోతున్న చిమ్మటని భుజాన వేసుకుని.

"ఇంతకీ పిల్లి ఏం చేస్తుందండీ? చెప్పరూ, రాత్రి నిద్ర పట్టదు నాకు."

లోర్నా ప్రొజెక్టర్ తీగ చుట్టి, పైన గుడ్డ కప్పింది. మీసం సంగతి నాలుక చివర ఉంది.

"వచ్చే ఏడాది గురువారం పెట్టించు. చీకటి పడ్డాక" అంది. "అప్పుడొచ్చి విను."